అత్త ఆకు పేరు చెప్పిన రోజు

మా మేనత్త పోయింది.

ఆ కబురు వచ్చినప్పుడు నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతూ గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను. ఊళ్ళో అత్త ఇంటి పక్కనుండే ఆమె ఫోన్ చేసింది. "పాపా, మీ అత్త లేవలా. నిన్న ఎండలో యాడికో పోయొచ్చి, మజ్జిగ తాగి పండుకునింది. అట్లే ఉండాది" అని చెప్పింది. జబ్బుపడి లేచినప్పటి నుంచి నాకు ఫోన్ మోగితే చాలు, భయం. ఏ పరీక్షలో ఏ అంకె పెరిగిందో, ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఎందుకు రమ్మంటున్నారో అని. అందుకని ఆమె చెబుతున్నది అర్థం కాగానే, ఇది నా గురించి కాదు కదా అని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. పోయినవాళ్ళను తలుచుకుంటూ రాసేటప్పుడు ఇలాంటివి ఎవరూ రాయరని తెలుసు. కానీ ఆ భయాన్ని పక్కన పెడితే మా అత్త గురించి చెప్పడానికి నా దగ్గర సగం మాటలు కూడా మిగలవు.

మడకశిర దాటి కర్ణాటక వైపు పోతే సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడే ఊళ్ళు వస్తాయి. అలాంటి ఊరు మాది. అత్త మా నాయనకు చెల్లెలు. పిల్లల్లేరు. మామ పోయాక పుట్టింటికి వచ్చింది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది. నాయన కూడా పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆమెను కామెర్ల అవ్వ అంటారు. ఆదివారం పొద్దు పొడవకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా గుట్ట వైపు వెళ్ళి, ఆకు కోసుకొచ్చి నూరి పసరు తీసేది. తెల్లారేసరికి వాకిట్లో జనం కూర్చుని ఉండేవాళ్ళు. మజ్జిగలో కలిపి తన ఎదురుగానే తాగించి, ఉప్పు, పులుపు, నూనె తగలకూడదని పథ్యం చెప్పి పంపేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పుచ్చుకుంటే మందు పారదు. ఆకు పేరు బయటికి చెబితే అసలే పారదు. ఆమెకు ఆ పేర్లు వాళ్ళ మేనమామ పోయేముందు చెవిలో చెప్పాడట. ఆమె కూడా పోయేముందు ఒక్కరికే, అదీ చెవిలోనే చెప్పాలి. నలుగురిలో నోరు జారితే ఆ చేతికి మందు మళ్ళీ లొంగదని మా వైపు ఎవరినడిగినా చెబుతారు.

చిన్నప్పుడు ఆ ఆకేదో చూద్దామని నేను దొంగచాటుగా ఆమె వెంటపడేదాన్ని. ఆకు కోసి ఇంటికి చేరేదాకా నోరు తెరవకూడదు కాబట్టి తిట్టలేక, ఒక బండ మీద కూర్చుని, నేను వెనక్కి తిరిగి ఇంటికి పోయేవరకూ అక్కణ్ణుంచి కదిలేది కాదు. తిట్టాల్సినవన్నీ దాచిపెట్టుకుని, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, మధ్యాహ్నం సంకటి ముందు నన్ను కూర్చోబెట్టి వరసగా తిట్టేది. ఒక్కటీ మరచిపోయేది కాదు. ఆమె నోరంటే ఊళ్ళో పెద్దవాళ్ళకు కూడా జంకు. కానీ జబ్బు మనిషి వాకిట్లోకి వస్తే ఆ నోరు మెత్తబడేది. "ఒంట్లో బాగలేనోడు ఏమన్నా పడాల. బాగయినాక ఇచ్చుకుందాం" అనేది.

నాకు రొమ్ములో గడ్డ తేలినప్పుడు ఆమె ఏడవలేదు. ఏ ఊళ్ళో కోస్తారు, ఎవరు చూస్తారు, తిండి ఎవరు వండుతారు అని మాత్రం అడిగింది. బెంగళూరులో ఆపరేషన్ అయింది. తర్వాత మూడు వారాలకొకసారి కీమో అన్నారు. నేను ఉండేది అనంతపురంలో, బడి అక్కడే, మా ఆయన ఉద్యోగం అక్కడే. అయినా బెంగళూరుకు దగ్గరని, పైగా చేసిపెట్టే మనిషి ఉంటుందని, ఆ నెలలన్నీ అత్త దగ్గరే ఉన్నాను. మా ఆయన వారం వారం వచ్చి పోయేవాడు.

మా వైపు జబ్బు మనిషిని చూడటానికి ఎవరూ ఉత్తచేతులతో రారు. తెచ్చినదాన్ని పెట్టి వెళ్ళిపోనూ పోరు. అది మన గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుని చూస్తారు. ఒకరు గోధుమగడ్డి పొడి తెచ్చారు. ఒకరు పసుపు గుళికలు, ఇంకొకరు వెల్లుల్లి గుళికలు, చేపనూనె. లక్ష్మణఫలం ఆకు ఎండబెట్టి పొట్లం కట్టి తెచ్చినాయన, దీంతో ఎవరికో గడ్డ కరిగిపోయిందని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ ఎవరో ఏ ఊరని అడిగితే వాళ్ళ బావమరిదిని అడగాలన్నాడు. మా మరిది అప్పుడే పొడి డబ్బాలు అమ్మే ఒక గొలుసు వ్యాపారంలో చేరి ఉన్నాడు. నాలుగు రంగుల డబ్బాలు తెచ్చి వరసగా పెట్టి, "ఇది మందు కాదు వదినా, ఆహారం. అన్నం తినేదానికి డాక్టర్ను అడుగుతామా?" అన్నాడు. బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఆ మాటలో ఎక్కడో తప్పుందని తెలుస్తోంది గానీ, ఒంట్లో ఓపిక లేనప్పుడు ఎవరు ఏది బలమని చేతిలో పెట్టినా మింగబుద్ధవుతుంది. నాకు బతకాలని ఉంది. అంతకంటే కారణం లేదు.

ఆసుపత్రిలో నన్ను చూసే డాక్టరమ్మ తెలుగావిడే. మొదటిసారి మందు ఎక్కించేముందే, ఇంట్లో ఏమేమి మింగుతున్నావో, తాగుతున్నావో అన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మంది. తీసుకెళ్ళాను. అన్నీ టేబుల్ మీద పోసుకుని ఒక్కో డబ్బా వెనక రాసింది చదువుతూ కూర్చుంది. నాకేమో దొంగసొత్తు పట్టుబడినట్టు ఉంది. ఆహారమే కదా అని మా మరిది మాట నేనూ అన్నాను. ఆమె కోప్పడలేదు.

"గుళికలో దూరి వచ్చింది ఏదైనా నాకు మందే అమ్మా" అంది. "మేము ఎక్కించేదాన్ని విరగ్గొట్టి బయటికి పంపాల్సింది మీ లివర్. దానికి ఈ పొడులతో కూడా పని పెడితే, మా మందు ఒంట్లో ఎక్కువైనా పోవచ్చు, పనిచేయకుండానైనా పోవచ్చు. కూరలో పసుపు వేసుకోండి. గుళికలో వద్దు."

వెల్లుల్లి గుళికలు, చేపనూనె రక్తాన్ని పలచన చేస్తాయట. కీమోతో రక్తాన్ని గడ్డకట్టించే కణాలు తగ్గే రోజుల్లో అవి ఇంకా చేటు. ఆకుల పొడులు కొన్ని లివర్ మీదే పడతాయి. కొన్ని డబ్బాల మీద లోపల ఏముందో పూర్తిగా రాయనే లేదు. రక్తపరీక్షలో తక్కువ ఉందని తేలాక ఒక్క విటమిన్ మాత్ర మాత్రం ఆమే రాసింది. గుడ్డు, పప్పు, వేరుశనగ, రాగిసంకటి, అన్నీ ఉడికించినవి, వేడిగా తినమంది. కొత్తది ఏది మింగాలన్నా ముందు ఫోన్ చేసి అడగమంది. సంచి దాదాపు ఖాళీగా తిరిగొచ్చింది. అత్తకు చెబితే సంబరపడింది. "మంచి పని చేసె. ఆ అంగడి పొడులన్నీ నాకు ముందునుంచే గిట్టవు" అంది. తన పసరు సంగతి ఆ రోజు అత్తకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మందంటే మాకు డబ్బాలోనో సీసాలోనో రావాలి. పసరు మందు కాదు, అది మా ఇల్లు.

రెండో కీమో తర్వాత నాకు బాగా చెడింది. ఏది తిన్నా ఇనుప రుచి. నీళ్ళు కూడా తుప్పు వాసన. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అత్త నా చేతి నరం చుట్టూ నల్లబడిన చోటును వేలితో రాసి చూసి, వీళ్ళు ఎక్కించేది విషమే కదా, విషంతో విషాన్ని కొడుతున్నారు, మిగిలిన విషాన్ని దించేవాళ్ళు ఎవరు అని అడిగింది. ఆమె లెక్క ఆమెకు సరిగ్గానే ఉంది. విషం దిగేది లివర్‌లో. లివర్‌కు మందు ఆమె చేతిలో ఉంది. ఆ ఆదివారం జనానికి ఇవ్వడానికి ముందే, మజ్జిగలో కలిపి నాకిచ్చింది. చేదు గొంతులోంచి చెవుల దాకా పాకింది. పక్కన కూర్చుని నా తలకు చుట్టుకున్న గుడ్డ సరిచేస్తూ, "దిగిపోతాది పాపా, అంతా దిగిపోతాది" అంది. తర్వాత కూడా ఇస్తూ వచ్చింది. నేను తాగుతూ వచ్చాను.

మూడో కీమోకు వెళ్ళినప్పుడు, మందు ఎక్కించేముందు చేసే రక్తపరీక్షలో లివర్ అంకెలు బాగా పెరిగి వచ్చాయి. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, ఈసారి ఎక్కించడం లేదంది. మీకెవరికైనా ఆ గదుల్లో కూర్చున్న అనుభవం ఉంటే తెలిసే ఉంటుంది. కీమో అంటే భయమే. కానీ కీమో ఆపేశారంటే దానికి పదింతల భయం. కోసి తీసేశాక ఎక్కడో ఒక కణం మిగిలి ఉంటే, ఈ ఖాళీగా పోయే రోజుల్లో అది ఏం చేస్తూ ఉంటుంది?  ఇంకేమైనా తీసుకున్నావా అని ఆమె అడిగింది. మా అత్త పసరు ఇచ్చిందని అప్పుడే చెప్పేశాను. ఏ ఆకు అంది. తెలియదన్నాను. తెలియదంటే ఎలా అంది. మా వైపు పేరు చెప్పరన్నాను. చెబుతూ ఉంటే నాకే వింతగా వినిపించింది.

అత్తకు ఫోన్ లేదు. పక్కింటామెకు చేస్తే పిలిచి ఇచ్చింది. అంకెల సంగతి చెప్పి, అత్తా ఆ ఆకేదో చెప్పు, డాక్టరమ్మ అడుగుతోంది అన్నాను. 

"ఫోన్లో చెప్పేది కాదు పాపా" అని ఫోన్ పక్కింటామె చేతికి ఇచ్చేసింది.

మా ఆయన మంచివాడు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం ఆసుపత్రి వరండాలో నిలబడి, మీ అత్తకు నీకంటే ఆ గడ్డి ఎక్కువయిందా అని అరిచాడు. నాకూ కోపమే వచ్చింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి, నా ప్రాణం ఒకవైపు, ఒక ఆకు పేరు ఒకవైపు ఉంటే ఆలోచించుకుంటుందా అని. కీమో రోజులకని ఆసుపత్రి దగ్గర్లో అద్దె గది తీసుకుని ఉన్నాం. ఆ రోజంతా అద్దం ముందు నిలబడి నా కళ్ళలో పసుపు వెతుక్కుంటూనే ఉన్నాను. దీపం వెలుగులో అన్నీ పచ్చగానే కనిపిస్తాయి.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేసరికి, మెట్ల దగ్గర అత్త కూర్చుని ఉంది. హిందూపురం దాటి ఎన్నడూ రాని మనిషి. మొదటి బస్సు ఎక్కి, దిగినచోటల్లా కన్నడంలో దారి అడుగుతూ వచ్చేసింది. ఒళ్ళో తడిగుడ్డ చుట్టిన మూట. మా ఆయనను చూసి తల దించుకుంది, ఆయనా దించుకున్నాడు.

డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాక అత్త కూర్చోలేదు. నర్సును బయటికి పంపమంది. మా ఆయన తనంతట తనే వెళ్ళిపోయాడు. నేను కూడా లేచాను. ఆచారం నాకు తెలుసు కదా.

"నువ్వు ఉండు" అంది అత్త. "నీ ఒంట్లోకి పోయిందేందో నువ్వే తెలుసుకోకుంటే ఎట్ల?"

మూట విప్పింది. రెండు రకాల ఆకులు, ఒక వేరు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని పేరు చెప్పి టేబుల్ మీద పెట్టింది.  ఆ పేర్లు నేనిక్కడ రాయను. ఆమె మీద గౌరవం ఒక కారణం. ఇది చదివి ఎవరైనా వెతుక్కుంటూ గుట్టకు వెళతారన్న భయం రెండో కారణం. ఎంత ఇచ్చావని డాక్టరమ్మ అడిగితే అరచేతిని గుంటలా చేసి చూపించింది. డాక్టరమ్మ మందు కొలిచే చిన్న కప్పు ఇచ్చింది. అత్త అరచేతిలో నీళ్ళు పోసుకుని, ఆ కప్పులోకి వంచింది. డాక్టరమ్మ వంగి కొలత చూసి రాసుకుంది. ఒక ఆకు తనకు తెలుసని, రెండోది విన్నానని, వేరు మాత్రం తెలియదని, తెలిసినవాళ్ళను అడుగుతానని చెప్పింది.

"నా వల్లనేనా?" అని అడిగింది అత్త.

"నిజంగా తెలియదమ్మా. కీమో వల్ల కూడా ఇలా అవుతుంది. కానీ ఒంట్లో ఏముందో తెలియకుండా నేను మళ్ళీ ఎక్కించలేను" అంది డాక్టరమ్మ.

పచ్చి ఆకు పసరు, తెల్లకణాలు తగ్గిన మనిషికి ఇన్ఫెక్షన్ తేవచ్చని కూడా చెప్పింది. అత్త అన్నీ విన్నది. తర్వాత ఒక ప్రశ్న వేసింది. లివర్‌కు ఇలా బరువయ్యే మాత్రలు ఇంకేమున్నాయి అని. డాక్టరమ్మ క్షయకు వాడేవి, మూర్ఛకు వాడేవి, ఇంకా కొన్ని చెప్పింది. కామెర్లు అని వచ్చినవాళ్ళు ముందు రక్తపరీక్ష చేయించుకోవాలని, వాడుతున్న మాత్రల వల్లే కళ్ళు పచ్చబడ్డాయేమో చూడాలని చెప్పింది. అత్త ముఖంలో రంగు మారడం చూశాను. నా గురించే భయపడుతోందనుకున్నాను.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు. పరీక్ష చేయించుకోవడం, అంకె కోసం చూడటం, కొంచెం తగ్గిందంటే కిటికీ తెరిచినట్టు గాలి ఆడటం, మళ్ళీ తర్వాతి పరీక్ష. పసరు ఆపేశాం. అత్త మా గదిలోనే ఉండిపోయి నాకు వండిపెట్టింది. నా కూరలో ఉప్పు, కారం, నూనె అన్నీ వేసేది. ఆమె మాత్రం ఉప్పు లేని సంకటి, ఉత్త మజ్జిగ తినేది. జనానికి చెప్పే పథ్యం తనే పట్టింది. ఎందుకత్తా అంటే, "ఎవరో ఒకరు పట్టాల గదా" అని కసిరింది. అంకెలు మెల్లగా దిగాయి. డాక్టరమ్మ మోతాదు మార్చి మళ్ళీ మొదలుపెట్టింది. మిగిలినవన్నీ పూర్తయ్యాయి. అలా పూర్తయింది కాబట్టే ఇది రాస్తున్నాను.

ఊరికి తిరిగొచ్చాక వచ్చిన మొదటి ఆదివారం వాకిట్లో జనం ఉన్నారు. అత్త గుట్టకు వెళ్ళలేదు. పేర్లు బయటపెట్టేసినానని, తన చేతిలో మందు ఇంక పారదని, ఆసుపత్రికి పోయి రక్తపరీక్ష చేయించుకోమని చెప్పి తలుపు వేసుకుంది. ఆ తర్వాత వారాల్లో కూడా అంతే. ఊరికి కోపమొచ్చింది. అత్తను ఏమీ అనలేక నన్నన్నారు. పెద్ద చదువులు చదివిన మేనకోడలు వచ్చి ఊరి మందు ఊరికి లేకుండా చేసిందని రచ్చబండ దగ్గర అనుకుంటుంటే చెవిన పడింది. నాకు బాధేసింది. బతికినందుకు ఒకరికి క్షమాపణ చెప్పుకోవాల్సి రావడం ఏమిటని మండింది కూడా.

తర్వాత ఎప్పుడో, జుట్టు మళ్ళీ వచ్చాక, ఆమె దగ్గర కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ ఆ మాట ఎత్తాను. నువ్వు బెంగళూరులో ఒక గదిలో చెప్పావు, ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఇస్తూ ఉండొచ్చు కదా, నావల్ల మానేశావని అందరూ నన్నే అంటున్నారు అన్నాను.

అత్త కాయలు ఒలవడం ఆపలేదు. "మందు పారదని ఊరికి చెప్పినా. వాళ్ళకు అదైతే అర్థమవుతాది" అంది. "పారదని గాదు పాపా నేను మానుకుండేది. ఇన్నేండ్లు ఇచ్చినా గదా, ఒక్కర్నన్నా నువ్వు ఇంకేం మింగుతాండావని అడిగింటినా? నీ మాదిరి అయినోళ్ళు ఎంతమందో. వాళ్ళను అడిగేకి డాక్టరమ్మ గూడా లేదు. బాగయినోళ్ళే మళ్ళీ వచ్చి చెప్తారు. రానోళ్ళు ఎందుకు రాలేదో నాకేం తెలుసు?"

 చాలామందికి బాగైంది కదత్తా అన్నాను. ఆ మాట ఆమె చెవికి ఎక్కలేదు. లెక్కల పంతులమ్మను, నాకూ తెలుసు అది సమాధానం కాదని.

అప్పటినుంచి మా అత్త నడవడం మొదలుపెట్టింది. జ్ఞాపకం ఉన్నంతలో, తన దగ్గర పసరు తాగినవాళ్ళ ఊళ్ళు ఒక్కొక్కటే వెళ్ళి చూసొచ్చేది. బస్సున్న చోటికి బస్సు, లేని చోటికి నడక. ఇంటి ముందు నిలబడి, ఎట్లుండావప్పా అని అడిగేది. మనిషిని ఎండలోకి రమ్మని కనురెప్ప కిందికి లాగి చూసేది. అప్పుడు ఇంకేమైనా మాత్రలు మింగుతాంటివా అని అడిగేది. బాగున్నవాళ్ళు నవ్వి, కూర్చోబెట్టి, అన్నం పెట్టేవాళ్ళు. ముసలామెకు మతి తప్పిందని కొందరు నాకు ఫోన్ చేసి చెప్పారు. మతి తప్పలేదని వాళ్ళతో గట్టిగా గొడవపడ్డాను. ఆమెతోనూ గొడవపడ్డాను, ఈ ఎండల్లో ఎందుకు అని. "కూచ్చుంటే ఊపిరాడదు పాపా, నడుస్తాంటే కొంచెం ఆడుతాది" అంది. ఆ మాట నాకు వేరే వాళ్ళు వివరించక్కర్లేదు.

ఒక్క ఇల్లు మాత్రం ఆమెను వదల్లేదు. కర్ణాటక సరిహద్దున ఉన్న చిన్న ఊళ్ళో, కొత్తగా పెళ్ళై వచ్చిన ఒక పిల్ల. ఆ పిల్ల పసరుకు వచ్చిన రోజు, సర్కారు ఆసుపత్రిలో దగ్గు మాత్రలు ఇచ్చినారు, నెలలకొద్దీ మింగాలంట అని వాకిట్లో ఎవరితోనో అంటుంటే అత్త విన్నది. వినీ ఊరుకుని పసరు తాగించింది. రెండో మోతాదుకు రావాల్సిన తర్వాతి ఆదివారం ఆ పిల్ల రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అది క్షయ మందని అత్తకు డాక్టరమ్మ గదిలో అర్థమైంది. ఆ రోజు అత్త ముఖం ఎందుకు అలా మారిందో నాకు ఇన్నాళ్ళకు తెలిసింది. ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళితే తాళం. వానల్లేక బెంగళూరుకు కూలికి పోయినారు, ఎప్పుడొస్తారో తెలియదు అన్నారు. ఆ పిల్ల ఎలా ఉందని అడిగితే, ఎవరికి తెలుసవ్వా అన్నారు. అత్త మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. నన్నూ బెంగళూరులో విచారించమంది. పేరుకు ముందు వెనక ఏమీ తెలియని ఒక కూలి పిల్లను ఆ మహానగరంలో ఎక్కడని విచారిస్తాను? చూస్తాను అనేదాన్ని.

చివరిసారి ఎండలో ఎక్కడికో పోయొచ్చి పడుకుంది అని పక్కింటామె అన్నది ఆ ఊరి నుంచి వచ్చే.

దినాలు ముగిశాక మా ఆయనను బడికి సెలవు చెప్పమని, నేను ఒక్కదాన్నే ఆ ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. ఆమె మొదలుపెట్టిన పని సగంలో ఆగిపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఎవరినడిగినా, అవ్వ కూచ్చుంటాండిన ఇల్లా అని చూపించారు. తలుపుకు తాళం అలాగే ఉంది. ఎదురింటామె బయటికి వచ్చి, నేనెవరో తెలుసుకుని, అవ్వ పోయిందని విని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ చివరిసారి వచ్చి పోయిన మర్నాడే, కూలి పనులకు మనుషులను తీసుకెళ్ళే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చాడని, వాడి దగ్గర ఆ పిల్ల నంబరు దొరికిందని, అవ్వకు చెబుదామంటే ఆమెకు ఫోన్ లేదని చెప్పింది. నంబరు కలిపి ఫోన్ నా చేతికిచ్చింది.

ఫోన్ మోగుతోంది. తాళం వేసిన తలుపు ముందున్న రాతిమెట్టు మీద కూర్చున్నాను. కాంక్రీటు కలిపే యంత్రం హోరు, ఎవరో కన్నడంలో కేకలు, బాగా దగ్గరగా ఒక చంటిబిడ్డ ఏడుపు వినిపించాయి. ఆ పిల్లే మాట్లాడింది. కామెర్ల అవ్వ మేనకోడల్ని అన్నాను. నువ్వు బాగున్నావా అని అడిగాను. యంత్రం హోరులో వినపడలేదేమోనని మళ్ళీ అడిగాను.

"బాగుండా అక్కా. కండ్లు పచ్చగయితే ఆసుపత్రోళ్ళు మాత్రలు మార్చి ఇచ్చినారు. అంతా పోయింది. కొడుకు పుట్టినాడు" అంది. గొంతు తగ్గించింది. "అక్కా, ఒక మాట. అవ్వ పసరు నేను తాగలా. ఆమె ముందర నోట్లో పోసుకుని, సందు తిరిగినాక ఊసేసినా. అంత చేదు. అవ్వకు మాత్రం చెప్పద్దక్కా. నొచ్చుకుంటాది."

అత్త వచ్చి కూర్చునే ఆ మెట్టు మీదే, ఎండ మోకాళ్ళ మీదికి వస్తుంటే, ఫోన్ చెవికి గట్టిగా అదుముకుని, "చెప్పనులేమ్మా" అన్నాను.